దారిన పోయే దానయ్యల నియామకం

తోటగెడ్డ పాత బస్టాండు రోడ్డులో గొయ్యి పడి మూడేళ్ళయింది. మంచినీటి గొట్టం కోసం తవ్వారు. గొట్టం వేశారు. తవ్విన మట్టిని మాత్రం ఎవరో ట్రాక్టరుకెత్తుకుని పోయారు. దాంతో ఏడడుగుల పొడవూ అయిదడుగుల వెడల్పూ ఉన్న గొయ్యి రోడ్డు మధ్యలో మిగిలింది. వానాకాలంలో దాన్లో నీళ్ళు మోకాటిలోతు ఉండేవి. మిగతా కాలాల్లో మురుగు ఉండేది.

ఆ గొయ్యికి సరిగ్గా ఎదురుగా పారినాయుడి ఫోటో స్టూడియో. పారినాయుడు నలభై ఎనిమిదేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊరి మొహాలన్నిటినీ నీలం గుడ్డ ముందు కూర్చోబెట్టి, గడ్డం కాస్త ఎత్తమనీ, నవ్వొద్దనీ, కదలొద్దనీ చెబుతూ పాస్‌పోర్టు సైజులోకి కుదించాడు. సెల్‌ఫోనులొచ్చాక ఎవరి మొహం వాళ్ళే కుదించుకుంటున్నారు. అంచేత అతనికి తీరిక బాగా దొరికింది. ఆ తీరికలో గొయ్యి పూడ్చమని మునిసిపాలిటీకి పదకొండు అర్జీలు పెట్టుకున్నాడు. పదకొండింటికీ గుండ్రటి ముద్ర వేసిన రసీదులిచ్చారు. ఆ ముద్రలు మాత్రం ఎక్కడా చెదరకుండా, ఎంతో శ్రద్ధగా పడ్డాయి.

ఒక కార్తీకమాసం మధ్యాహ్నం, వాన వెలిసిన తర్వాత, అతను స్టూడియో మెట్టు మీద కూర్చుని ఊరికే గొయ్యికేసి చూస్తున్నాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆ నీళ్ళలో తలకిందులుగా నడిచిపోతున్నారు. వాళ్ళ మొహాలు చూసి పారినాయుడు ఆశ్చర్యపోయాడు. వాళ్ళలో సగంమందికి అతను ఫోటోలు తీశాడు. కానీ ఈ మొహాలను ఎప్పుడూ చూడలేదు. కెమెరా ముందు కట్టెలా బిగుసుకుపోయే పోస్ట్‌మాస్టరు నీళ్ళలో తనలో తను ఏదో పాడుకుంటూ పోతున్నాడు. పెళ్ళిచూపుల ఫోటోలో కళ్ళెత్తని పిల్ల కాలేజీ సంచీ గిరగిరా తిప్పుకుంటూ పోతోంది. చూస్తున్నారని తెలియనప్పుడు మనిషి ఎంత బాగుంటాడో అతనికి ఆ రోజు తెలిసింది. లోపలికెళ్ళి, బీరువాలో పడుకున్న పెద్ద కెమెరా తీసుకొచ్చాడు.

ఆ వారంలో తీసిన బొమ్మల్లో సూరాడ పోలమ్మది బాగా కుదిరింది. పోలమ్మ చేపలమ్ముతుంది. రోజూ తొమ్మిదిన్నరకల్లా నెత్తిమీద గంపతో ఆ రోడ్డు దాటి, అవతల రైల్వే క్వార్టర్సులోకి పోతుంది. ఆ పూట ఎవరో అన్న మాటకి కడుపుబ్బ నవ్వుతూ పోతోంది. గొయ్యిలో ఆకాశం, ఆకాశంలో గంప, గంప కింద ఆ నవ్వు. పారినాయుడు బొమ్మ పెద్దది చేయించి ఆమెకిస్తే, తనని తలకిందులు చేసినందుకు కాసేపు దెబ్బలాడి తీసుకెళ్ళింది. ఇంటికెళ్ళి దాన్ని తిరగేసి గోడకి కొట్టుకుంది. దాంతో పోలమ్మ నిలువుగా నిలబడింది, పాత బస్టాండు రోడ్డు తలకిందులైంది. అదే సరైన పద్ధతని ఆమె ఉద్దేశం.

ఆ బొమ్మకి రాష్ట్రస్థాయి పోటీలో మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో వేశారు. 'తోటగెడ్డ గోతిలో విరిసిన కళ' అని శీర్షిక పెట్టారు.

మునిసిపల్ కమిషనర్ ఇందుశేఖరం గారికి కళ అనే మాట కనిపించలేదు, గోతి అనే మాట కనిపించింది. తెల్లారేసరికి అసిస్టెంటు ఇంజనీరు త్రినాథరావుని రెండు లారీల కంకరతో పంపారు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి నిలబడింది. మొదటి లారీ వెనక తలుపు తీస్తుండగా కమిషనర్ గారి జీపు అడ్డంగా వచ్చి ఆగింది. అయిదు నిమిషాల క్రితమే ఆయనకి జిల్లా కేంద్రం నుంచి పెద్ద అధికారి ఫోను చేసి, మీ ఊళ్ళో సౌందర్యదృష్టి ఉందే అని మెచ్చుకున్నారట.

ఇందుశేఖరం గారు గొయ్యి చుట్టూ ఒకసారి ప్రదక్షిణంగా తిరిగారు. తర్వాత త్రినాథరావు వైపు తిరిగి, "సదరు స్థలమును పూడ్చుట అనగా పట్టణ కళాసంపదను బుద్ధిపూర్వకముగా ధ్వంసం చేయుటే అగును" అన్నారు. త్రినాథరావు లారీ తలుపు వేయించాడు. అరుగుల మీది జనం ఇళ్ళలోకి వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తర్వాత అక్కడే షామియానా వేసి పారినాయుడికి శాలువా కప్పారు. కమిషనర్ గారు మాట్లాడుతూ, ఛాయాచిత్రమునకు కెమెరా ఎంత ముఖ్యమో ఉపరితలము కూడా అంతే ముఖ్యమనీ, సదరు ఉపరితలమును మూడేళ్ళపాటు ఎంతో ఓర్పుతో పూడ్చకుండా కాపాడిన ఘనత ఇంజనీరింగు విభాగానిదనీ అన్నారు. త్రినాథరావుకి కూడా ఒక శాలువా కప్పారు. ఇకపై దాన్ని ఎవరూ గొయ్యి అనరాదని, 'జలదర్పణం' అని మాత్రమే వ్యవహరించవలెనని ఉత్తర్వు చదివి వినిపించారు. ఆ మర్నాడే ఒక ఆటోడ్రైవరు దాన్లో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి చీటీలో 'జలదర్పణ సందర్శనలో గాయము' అని రాశారు.

పారినాయుడు ఆ సభలో మైకు పట్టుకుని గొయ్యి పూడ్చమని అడుగుదామనే వెళ్ళాడు. జేబులో పన్నెండో అర్జీ కూడా ఉంది. కానీ ఈలోగా కమిషనర్ గారు అతన్ని 'ప్రతిబింబ పరిరక్షణ సంఘం గౌరవ సంచాలకుడు'గా ప్రకటించి, మెడలో బిళ్ళ వేశారు. బిళ్ళమీద అతని ఫోటో ఉంది. ముందురోజు ఎందుకో చెప్పకుండా మరెవరో తీసిన ఫోటో. జీవితంలో మొదటిసారి ఎవరో తనని కదలొద్దని చెప్పి ఫోటో తీశారు. అది అతనికి నచ్చింది. అర్జీ జేబులోనే ఉండిపోయింది.

ఇంటికెళ్ళేసరికి అతని భార్య సన్యాసమ్మ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గొయ్యి కప్పమని పదకొండుసార్లు తిరిగినోరు, ఇప్పుడు దానికే కాపలా కూకుంతారేటండి?" అంది.

గొయ్యి కాదు, జలదర్పణం అన్నాడు పారినాయుడు. ఆమె బిళ్ళని మేకుకి తగిలించింది.

శివరాత్రి నాటికి జలదర్పణంలో జలం ఎండిపోయింది. దర్పణం అడుగున ఒక చెప్పూ, రెండు సైకిలు ట్యూబులూ బయటపడ్డాయి. కమిషనర్ గారు వెంటనే రోజుకొక ట్యాంకరు మంజూరు చేశారు. ఆ వీధి కొళాయిల్లో మూడు రోజులకొకసారి నీళ్ళొస్తున్న రోజులవి. ట్యాంకరు గొయ్యిలో నీళ్ళు వదులుతుంటే ఆడవాళ్ళు బిందెలు చంకనెట్టుకుని ఒడ్డున నిలబడి చూసేవారు. మొదటిరోజు ఒకావిడ బిందె ముంచింది. రెండో రోజు బోర్డు వెలిసింది. 'ఈ నీరు ప్రతిబింబమునకు మాత్రమే. త్రాగుటకు, వండుటకు, కడుగుటకు వినియోగించువారు శిక్షార్హులు.' బిందెలు ముంచితే నీళ్ళు కదులుతాయి, కదిలితే మొహాలు చెదురుతాయి, కనక ఇది శాస్త్రీయమైన నిబంధన అని త్రినాథరావు వివరించాడు. ఆ వివరణ వింటూ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో పారినాయుడు మెడలో బిళ్ళతో కూర్చుని ఉన్నాడు. బిందెల వాళ్ళు అతనికేసి చూశారు. అతను నీళ్ళకేసి చూశాడు.

ఆ తర్వాత కుక్కలు తాగకుండా చుట్టూ ఇనప కంచె వేశారు. కంచె రోడ్డు మొత్తాన్నీ ఆక్రమించింది. జనం రెండు కొసల దగ్గరే ఆగిపోయి, వెనక సందులోంచి తిరిగి పోసాగారు. ఇక నీళ్ళలో కనిపించేందుకు మనుషులుండరని ఎవరికీ తోచలేదు. సరిగ్గా అప్పుడే జిల్లా ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు ముప్ఫై మంది బస్సు కట్టించుకుని వచ్చారు. పొద్దున్న ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం దాకా కెమెరాలు గురిపెట్టుకుని కూర్చున్నారు. నీళ్ళున్నాయి, ఆకాశం ఉంది, మనిషి లేడు. చివరికి ఒకరి ప్రతిబింబాన్ని ఒకరు తీసుకుని, అందులో అందరి మొహాలకీ కెమెరాలే అడ్డమొచ్చాయని తెలుసుకుని, కమిషనర్ గారికి ఫిర్యాదు రాసిచ్చి వెళ్ళారు.

దాని మీద అత్యవసర సమావేశం జరిగింది. కంచె తీసేస్తే సరిపోతుంది కదా అని పారినాయుడు అనబోయాడు. కంచెకి బిల్లు పాసయిపోయిందని త్రినాథరావు చెవిలో చెప్పాడు. కమిషనర్ గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి, సమస్య కంచె కాదు, బాటసారుల కొరత అన్నారు. "దారిన పోయే దానయ్య అని మన పెద్దలు ఊరకనే అనలేదు. అట్టి దానయ్యను మనం గుర్తించలేదు, నియమించలేదు, అతనికొక హోదా కల్పించలేదు. లోపం మనలోనే ఉన్నది" అన్నారు.

పన్నెండు దానయ్య పోస్టులకి ప్రకటన పడింది. ఆడవాళ్ళకి కేటాయించిన నాలుగింటికీ దానమ్మ అని పేరు. అర్హతలు: పదో తరగతి, సొంత పాదములు, ఏమియు ఎరుగనట్లు నడచుటలో మూడు సంవత్సరముల అనుభవము. మూడువందల నలభై దరఖాస్తులొచ్చాయి. అనుభవ ధ్రువపత్రం ఎవరివ్వాలో తెలియక తహసీల్దారు ఆఫీసు ముందు వారంపాటు తొక్కిసలాట జరిగింది. చివరికి ఎంపికైన వాళ్ళలో తొమ్మిదిమంది కౌన్సిలర్ల బావమరుదులూ తోడల్లుళ్ళూ మరదళ్ళూ. ఏమీ ఎరగనట్టు ఉండడంలో వాళ్ళకి మిగతావాళ్ళకంటే అనుభవం ఉందని ఎంపిక సంఘం అభిప్రాయపడింది.

దానయ్యలకి లేత నీలం చొక్కాలిచ్చారు. వీపుమీద 'సహజ బాటసారి' అని రాయించారు. కంచెకి ఒక తలుపు పెట్టి, గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళనే లోపలికి వదిలారు. నిజంగా ఏదో పనిమీద పోయేవాళ్ళు ఆ దారిన పోరాదు. వాళ్ళవి అనధికార ప్రతిబింబాలు. దానయ్యలకి శిక్షణ ఇచ్చే బాధ్యత సంచాలకుడి మీద పడింది. పారినాయుడు పొద్దున్న పదింటినుంచి కుర్చీలో కూర్చుని, గడ్డం కాస్త దించమనీ, నీళ్ళకేసి చూడొద్దనీ, సహజంగా నడవమనీ చెప్పేవాడు. సహజంగా నడవమనగానే దానయ్యల చేతులు ఆగిపోయేవి. ఒకాయన రెండు చేతులూ ఒకేసారి ముందుకి ఊపేవాడు. మరొకాయన, తన ముఖంలో ఏమీ ఎరగనితనం తగినంత కనిపిస్తోందో లేదో మధ్యమధ్య ఆగి నీళ్ళలో చూసుకునేవాడు. ఈ నెలరోజుల్లో పారినాయుడు ఒక్క ఫోటో కూడా తీయలేదు. సాయంత్రాలు కాగితాల కట్టలొచ్చేవి. వాటిమీద సంచాలకుడు సంతకాలు పెట్టాలి. ఎవరూ అతన్ని అంతవరకూ సంతకం అడిగి ఉండలేదు కాబట్టి అతను ఎంతో అందంగా పెట్టేవాడు.

ఇక్కడ పోలమ్మ సంగతి చెప్పాలి. రోడ్డు మూసేశాక రైల్వే క్వార్టర్సుకి పోవాలంటే ఆమె వెనక సందులోంచి, చెరుకు మిల్లు చుట్టూ తిరిగి పోవాలి. గంట నడక. వేసవి ఎండకి గంపలో చేప ఆ గంట ఆగదు. క్వార్టర్సు వాళ్ళు గంపలో వేలు పెట్టి చూసి తలుపులు వేసుకోవడం మొదలెట్టారు. పెనిమిటి సముద్రం మీదికి వేటకెళ్ళి తిరిగి రాని ఏడాదినుంచీ, పదమూడేళ్ళుగా, ఆ నలభై గడపలూ ఆమెకి ఆధారం. ఎవరో చెప్పారు, దానమ్మ పోస్టొస్తే కార్డొస్తుంది, కార్డుంటే ఆ దారినే పోవచ్చని. అసలా బొమ్మలో ఉన్నదే తను కదా, పదో తరగతి లేకపోయినా తనకివ్వక ఎవరికిస్తారని పోలమ్మ వేలిముద్ర వేసి దరఖాస్తు పెట్టుకుంది. ఇంటర్వ్యూకి గోడమీది బొమ్మను కూడా ఊడదీసి చంకలో పెట్టుకుని వెళ్ళింది. ఆ రోజు పారినాయుడు అప్పటికే ఎంపికైనవాళ్ళ శిక్షణలో ఉన్నాడు, ఇంటర్వ్యూకి పోలేదు.

పదిహేను రోజులకి ఆమెకి కవరొచ్చింది. చదవడం రాదు కాబట్టి, గంపతోనే స్టూడియో దగ్గరికి వచ్చి, పారినాయుడి చేతిలో పెట్టింది. మెట్టు మీద కూర్చుంటూ, "కార్డు వొచ్చీసినట్టేనా నాయుడుబావూ?" అంది.

పారినాయుడు కవరు చింపి పైకి చదివాడు. దరఖాస్తుదారు సమర్పించిన ఛాయాచిత్రమును సంఘము క్షుణ్ణముగా పరిశీలించినది. ఛాయాచిత్రములోని స్త్రీ తలకిందులుగా ఉన్నది. దరఖాస్తుదారు నిలువుగా ఉన్నది. ఛాయాచిత్రములోని స్త్రీ నవ్వుచున్నది. దరఖాస్తుదారు, సంఘము రెండుసార్లు కోరినప్పటికీ, నవ్వలేదు. ఇద్దరూ ఒక్కరే అని ధ్రువపడనందున, మరియు చేపల వాసన ప్రతిబింబమునకు అనవసరమైనందున, దరఖాస్తు తిరస్కరించడమైనది. సదరు వ్యక్తి సదరు రోడ్డున తిరిగినచో అనధికార ప్రతిబింబముగా పరిగణించబడును.

అక్కడికి చదివి ఆగిపోయాడు. చివర సంతకం ఉంది. పైనా కిందా రెండు గీతలతో, ఎంతో అందంగా ఉంది.

పోలమ్మ కాగితం కొసమీద వేలు పెట్టి, "కింద ఎవులు సంతకం ఎట్టినారు?" అని అడిగింది.

అతను కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు. "నేనే" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. కోపగించుకుంటుందేమోనని అతను చూశాడు గానీ, ఆమెకి కోపం రాలేదు.

"పోన్లే బావూ. నాకంటే సదువు నేదు. నీకుంది గదా, సదివే ఎట్టుంతావనుకున్నాను" అని, చుట్టకుదురు సరిచేసుకుని, తనే గంప నెత్తికెత్తుకుని, వెనక సందులోకి తిరిగింది.

పారినాయుడు ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. సన్యాసమ్మ అడిగితే ఉత్తరం చేతికిచ్చాడు. ఆమె మొత్తం చదివి, మేకుకున్న బిళ్ళ తీసి అతని ముందు పెట్టి, తన పనిలోకి పోయింది. అతను బిళ్ళ పట్టుకుని కమిషనర్ గారి దగ్గరికెళ్ళి, తన సంతకం వెనక్కి తీసుకుంటానన్నాడు. సంతకమనేది ఒకసారి ఫైలులో ప్రవేశించిన మీదట సదరు ఫైలు ఆస్తి అగునని ఆయన చెప్పారు. పోనీ పోలమ్మకి ఆ దారిన పోవడానికి అనుమతివ్వమన్నాడు. అప్పుడు ఇందుశేఖరం గారు కొంచెం బాధపడ్డారు. ఆవిడకి నిజంగా క్వార్టర్సులో పనున్నదనీ, పనున్నవాళ్ళని బాటసారులుగా నియమిస్తే మిగతా పన్నెండుమంది మనోధైర్యం దెబ్బతింటుందనీ అన్నారు. ఎల్లుండి రాజధాని నుంచి ప్రత్యేక అధికారి తనిఖీకి వస్తున్నారు, ఆ తర్వాత చూద్దామన్నారు. పారినాయుడు బిళ్ళని బల్లమీద పెట్టి వచ్చేశాడు. అది ఎవరి బిళ్ళో తెలియదని అటెండరు దాన్ని దొరికిన వస్తువుల పెట్టెలో వేశాడు.

తనిఖీ రోజు రోడ్డుకి రెండు పక్కలా సున్నం చల్లారు. రెండు ట్యాంకర్ల నీళ్ళు పోసి, పైన తేలే ఆకులు ఏరడానికి ఇద్దరిని పెట్టారు. వీధి జనాన్ని అటు చివర తాడు కట్టి ఆపేశారు. బిందెలతో ఆడవాళ్ళు, గంపతో పోలమ్మ, చేతికర్రతో ఆటోడ్రైవరు, అందరూ ఆ తాడు వెనకే. దానయ్యలు ఒకరి వెనక ఒకరు స్తంభం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మళ్ళీ వెళుతున్నారు. ప్రత్యేక అధికారి వారిలో ఒకణ్ణి ఆపి, ఎక్కడికి వెళుతున్నావయ్యా అని అడిగారు.

"ఆ స్తంబందాకా ఎల్లి మల్లీ ఇటొచ్చెస్తాను సార్" అన్నాడు దానయ్య.

ఎంత సహజంగా ఉన్నదో అని అధికారి మెచ్చుకున్నారు. వెనకున్నవాళ్ళు ఆ మాట రాసుకున్నారు.

తర్వాత అధికారులంతా కంచె మీదికి వంగి నీళ్ళలోకి చూశారు. అంతవరకూ ఎదుటివాళ్ళ ప్రతిబింబాల గురించే మాట్లాడిన వాళ్ళకి హఠాత్తుగా తమవి కనిపించాయి. ఇందుశేఖరం గారు జేబులోంచి దువ్వెన తీసి, పక్క వెంట్రుకల్ని జాగ్రత్తగా బట్టతల మీదికి సర్దుకున్నారు. ప్రత్యేక అధికారి నోరు బాగా తెరిచి, పొద్దున తిన్న పెసరట్టులోని అల్లంముక్కని చిటికెనవేలితో పంటి సందులోంచి తీసుకోవడానికి ప్రయత్నించారు. త్రినాథరావు కడుపు లోపలికి పీల్చుకుని, ఇంకెంతసేపు పీల్చుకోవాలో తెలియక కళ్ళు తేలేస్తున్నాడు. ఎవరూ చూడటం లేదని వాళ్ళనుకున్నారు.

ఎదురుగా స్టూడియో మెట్టు మీద పారినాయుడు కెమెరాతో కూర్చుని ఉన్నాడు. కదలొద్దని అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ బొమ్మ మర్నాడు పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. వాళ్ళకి వెనగ్గా, నీళ్ళలో ఇంకొంచెం లోతున, తాడూ, తాడు వెనక ఖాళీ బిందెలూ, గంపా, చేతికర్రా కూడా స్పష్టంగా పడ్డాయి. కింద ఊరి పేరు తప్ప ఇంకేమీ రాయలేదు.

ఏడున్నరకి రాజధాని నుంచి ఫోనొచ్చిందంటారు. ఎనిమిదింటికి నీళ్ళు తోడే ఇంజను వచ్చింది. పదింటికి కంకర, పన్నెండింటికి రోలరు, సాయంత్రానికి తారు. కంచె ఎవరు ఎప్పుడు ఎత్తుకుపోయారో తెలియదు. జలదర్పణము ఉన్నతాధికారుల ప్రతిబింబములను ముందస్తు అనుమతి లేకుండా స్వీకరించినందున దానిని శాశ్వతముగా మూసివేయడమైనదని ఉత్తర్వు వచ్చింది. మర్నాడు తొమ్మిదిన్నరకి పోలమ్మ తారు మీద అడుగుపెట్టి, కాలు చుర్రుమనగానే ఒక బూతుమాట తిట్టి, నవ్వుకుంటూ క్వార్టర్సుకి పోయింది. పారినాయుడు మెట్టు మీదే ఉన్నాడు. ఆమె అతన్ని పలకరించలేదు. తిట్టనూ లేదు.

ఆ నెలంతా మిగతా వీధుల వాళ్ళు స్టూడియో ముందు బారులు తీరి, ఒక్కసారి కెమెరా పట్టుకుని తమ వీధికి కూడా రమ్మని బతిమాలారు. అతను ఒప్పుకోనక్కర్లేకపోయింది. కెమెరా సంచీతో అతను సన్యాసమ్మ పుట్టింటికి బయల్దేరితే, దారిలో ఉన్న గోతులన్నీ అతను చేరేలోపలే పూడిపోయాయి.

గోతులు పోయాయి గానీ దానయ్యలు పోలేదు. వాళ్ళ నియామకపు పత్రాల్లో అయిదేళ్ళని రాసి ఉంది. నీలం చొక్కాలతో రోజూ పదింటికి ఆఫీసుకొచ్చి, తాము ఎక్కడ ఏమీ ఎరగనట్టు నడవాలో చెప్పమని వరండాలో కూర్చునేవారు. సంఘం కూడా పెట్టుకున్నారు. ఇందుశేఖరం గారు మళ్ళీ కళ్ళు మూసుకుని ఆలోచించారు. పోస్టులున్నవి, గొయ్యి లేదు. పోస్టులను రద్దుచేయుటకు ప్రభుత్వ అనుమతి అవసరము. గొయ్యి తవ్వుటకు అవసరము లేదు. కనుక రైల్వే క్వార్టర్సు ముందు, ఏడడుగుల పొడవూ అయిదడుగుల వెడల్పూ గల నూతన జలదర్పణము తవ్వుటకును, అధికారులు దాని దరికి రాకుండుటకును ఉత్తర్వు జారీ అయింది. త్రినాథరావు వెళ్ళి అక్కడ సున్నంతో గీతలు గీశాడు.

ఈ సంగతి తెలిసిన సాయంత్రం పారినాయుడు ఉత్తర్వు నకలు సంపాదించి, సముద్రపొడ్డున పోలమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె వలతాడు చిక్కులు తీస్తోంది. కూర్చోమని అనలేదు. అతనే నేలమీద కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా, ఒక్క మాట వదలకుండా చదివాడు. పనిమీద పోవువారు ఆ దారిన నడవరాదని ఉంది. పరుగెత్తరాదని ఉంది. సైకిలు తొక్కరాదని ఉంది. గీతల లోపల నిలబడరాదని కూడా ఉంది.

పోలమ్మ తాడు పక్కన పెట్టింది.

"కూకున్నోలి గురించి ఏటి రాసినారు?"

పారినాయుడు మళ్ళీ మొదటినుంచి చదువుకున్నాడు. మూడోసారి కూడా చదివాడు. "ఏమీ రాయలేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న తవ్వేవాళ్ళు గునపాలతో వచ్చేసరికి సున్నపు గీతల నడిమధ్యన పోలమ్మ గంప దించుకుని, కత్తిపీట వేసుకుని కూర్చుని ఉంది. క్వార్టర్సు ఆడవాళ్ళు చుట్టూ చేరి బేరాలాడుతున్నారు. త్రినాథరావు ఉత్తర్వు తీసి చూసుకున్నాడు. నడిచే మనిషయితే ఆపొచ్చు, నిలబడితే కేసు పెట్టొచ్చు. కూర్చున్న మనిషి బాటసారి అవునో కాదో తెలియలేదు. అతను కమిషనర్ గారికి రాశాడు. కమిషనర్ గారు పై ఆఫీసుకి రాశారు. కూర్చున్నవారు దారిన పోవువారగుదురా, కానిచో వారి కింద తవ్వవచ్చునా అని పై ఆఫీసు న్యాయశాఖ అభిప్రాయం కోరింది. ఆ ఫైలు అక్కడే ఉంది.

ఎండ ముదిరాక పారినాయుడు స్టూడియోలోని తెల్లటి లైటు గొడుగు తీసుకొచ్చి, పోలమ్మ వెనక రాళ్ళు పేర్చి నిలబెట్టాడు. ఆమె ఒకసారి తలెత్తి గొడుగుని చూసింది. నీడ ఇంకొంచెం ఇటు పడాలంది. అతను ఇటు జరిపాడు.

త్రినాథరావు రోజూ పదకొండింటికి అక్కడికి వస్తాడు. ఆమె లేచిందేమో చూడటం అతని డ్యూటీ. లేవదు. గొడుగు నీడలో రెండు నిమిషాలు నిలబడి, రిజిస్టరులో 'యథాస్థితి' అని రాసి, అరకిలో నెత్తళ్ళు తలలు తీయించి, ఆకులో కట్టించుకుని వెళ్ళిపోతాడు.